చుట్టాలొస్తున్నారని ముందురోజే కోడికూర: నమ్మకూడని సలహాలు

2025 జూలైలో, బోనాల నాళ్ళలో, ఎల్బీనగర్ దాటగానే వచ్చే వనస్థలిపురంలో ఒక కుటుంబం ఆదివారం మాంసం వండుకుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేసుకుని తిన్నారు. వాంతులు, విరేచనాలతో ఇంట్లో పలువురు ఆస్పత్రి పాలయ్యారు. ఒకరి ప్రాణం పోయింది. నిల్వ ఉంచిన మాంసమే కారణమని అనుమానిస్తున్నట్టు పత్రికలు రాశాయి. వాళ్ళు చేసిన పనిలో వింతేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ ఇంట్లోనైనా పండుగ మర్నాడు జరిగేదే అది. అందుకే ఆ వార్త నన్ను వదల్లేదు.

మన వైపు ముందే వండిపెట్టడం తప్పనిసరి అయిపోయింది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, విజయవాడల నుంచి వచ్చే బస్సులన్నీ ఎల్బీనగర్‌లో ఆగాల్సిందే. పెళ్ళిచూపులున్నా, పిల్లని కోచింగ్‌లో చేర్పించాలన్నా, ఆస్పత్రి పని ఉన్నా చుట్టాలు ముందు మన ఇంట్లోనే దిగుతారు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. పదిహేను మందికి బగారా అన్నం, కోడికూర పెట్టాలంటే ముందురోజు రాత్రే సగం పని కానిచ్చెయ్యాలనిపిస్తుంది. అది తప్పు కాదు. కానీ ఆ రాత్రి ఎలా చెయ్యాలన్న దాని మీద పక్కింటివాళ్ళు, ఫోన్లో వదిన, మెట్ల మీద ఎదురైన అక్క ఇచ్చే సలహాల్లో చాలా భాగం ప్రమాదకరమైనవి. అవి ప్రేమతో చెప్పే మాటలే, చెప్పేవాళ్ళు మంచివాళ్ళే. అందుకే జనం నమ్ముతారు.

"మా అమ్మమ్మ కాలం నుంచీ ఇట్లనే చేసినం, ఏం గాలేదు" అన్నది అన్నిటికంటే బలమైన వాదన. దీన్ని గౌరవంగానే పరిశీలించాలి. మన అమ్మమ్మలకి మాంసం గురించి బాగా తెలుసు. వాళ్ళు పెరట్లో కోడిని కోసిన పూటే వండేవాళ్ళు, ఆ పూటే పంచుకు తినేవాళ్ళు. నిల్వ చెయ్యాల్సి వస్తే ఉప్పూ పసుపూ రాసి ఎండలో తీగ మీద ఆరేసి వట్టి తునకలు చేసేవాళ్ళు. అన్నం మిగిలితే మజ్జిగలో పులియబెట్టేవాళ్ళు. పులుపు ఎక్కిన చద్దన్నంలో చెడ్డ సూక్ష్మజీవులు పెరగడం కష్టం. తడి లేని తునకల్లోనూ అంతే. అప్పుడు తినెయ్యడమో, ఎండబెట్టడమో, పులియబెట్టడమో ఉండేది. గ్రేవీతో ఉన్న కోడికూరని రాత్రంతా గోరువెచ్చగా ఉంచి మర్నాడు మధ్యాహ్నం వడ్డించడం ఆ కాలపు పద్ధతే కాదు. ఫ్రిజ్ వచ్చాక, ఆఫీసులు వచ్చాక మనం మొదలుపెట్టిన పని ఇది. దీనికి అమ్మమ్మని సాక్షిగా పిలవడం న్యాయం కాదు.

ఇక దుకాణం దగ్గర మొదలయ్యే సలహా: "కళ్ళముందే కొట్టించినం, తాజా కోడి, సాయంత్రం దాకా ఏం గాదు." కొత్తపేటలోనో, చైతన్యపురిలోనో ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ ముందు వరసలో నిలబడితే, మన కళ్ళముందే కోసి, స్కిన్‌లెస్ చేసి, కర్రీ కట్ కొట్టి నల్ల కవర్లో వేసి ఇస్తారు. ఆ కవర్ పట్టుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది. బతికున్న కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే మనం ఇంటికి తెచ్చేది చల్లబరచని మాంసం. సూక్ష్మజీవులు హాయిగా పెరిగే వేడి దానికి ముందే ఉంది. తాజాదనం వల్ల రుచి వస్తుంది కానీ అది ఆగే శక్తినివ్వదు. కాబట్టి కూరగాయలు, కొత్తిమీర, పెరుగు ముందే కొనేసి చికెన్ చివర కొనండి. ఎండాకాలమైతే ఓ సంచిలో ఐస్ ముక్కలు పట్టుకెళ్ళండి. ఇంటికి రాగానే వండని పక్షంలో వెడల్పు గిన్నెలో పల్చగా పరిచి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో పెట్టండి. కింది అర ఎందుకంటే, పచ్చి మాంసం నీరు కారితే దాని కింద వండిన తిండి ఏదీ ఉండకూడదు. పచ్చి కోడిని ఫ్రిజ్‌లో ఒకటి, మహా అయితే రెండు రోజులకి మించి ఉంచకండి.

"పంపు కింద గట్టిగా కడుగు, ఉప్పూ నిమ్మకాయా రుద్దు, క్రిములన్నీ పోతయ్." పోవు. కోడి మాంసం మీద ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ క్రిములు నిమ్మరసానికీ పసుపుకీ చావవు, ఉడుకుకే చస్తాయి. పంపు కింద ధారగా కడిగితే ఆ నీటి చుక్కలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన కంచాల మీదా పడతాయి. మన దుకాణాల్లో రక్తం, ఈకల ముక్కలు అంటుకునే వస్తాయి కాబట్టి కడగొద్దని నేను చెప్పను. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, ముక్కలు అందులో ముంచి నెమ్మదిగా కడిగి, నీళ్ళు చిందకుండా వంపండి. ఆ తర్వాత సింకునీ చేతుల్నీ సబ్బుతో తోమండి. మన ఇళ్ళల్లో నేను ఎక్కువ భయపడేది ఉల్లిపాయ చక్రాల గురించి. కోడి కోసిన కత్తితో, అదే చెక్క మీద ఉల్లిపాయ, కీర, నిమ్మకాయ తరిగి పళ్ళెంలో అందంగా పేరుస్తారు. కోడి పొయ్యి మీద ఉడుకుతుంది, దాని మీది క్రిములు చస్తాయి. ఉల్లిపాయ ఉడకదు. అతిథి నోట్లోకి అవి వెళ్ళేది ఆ పళ్ళెం నుంచే. సలాడ్ ముందు తరగండి, కోడి తర్వాత.

"పెరుగు, పసుపు, ఉప్పు పట్టించినం కదా, రాత్రంతా బయటున్నా ఏం గాదు." మసాలా పట్టించి నానబెట్టడం మంచిదే, ముక్క మెత్తబడుతుంది. కానీ కూరకి మనం వేసే ఉప్పు, పెరుగు నిల్వ చేసే మోతాదులో ఉండవు. పచ్చడి నిలవడానికి నూనె, ఉప్పు, పులుపు, తేమ లేకుండా వేపడం అన్నీ కలవాలి. చారెడు పెరుగు, ఉప్పు వేసినంత మాత్రాన కోడి పచ్చడి కాదు. నానబెట్టేది ఫ్రిజ్‌లోనే. ఫ్రీజర్లోంచి తీసిన గడ్డని కూడా రాత్రి సింకులో పడేసి పడుకోకండి. లోపల రాయిలా ఉండగానే పైపొర గది వేడికి వచ్చేస్తుంది. ఒకరోజు ముందే తీసి ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి. తొందరైతే కవర్లో గట్టిగా కట్టి చన్నీళ్ళలో ఉంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి.

"సగం ఉడికించి దించెయ్, వాళ్ళు రాంగనే మిగతా సగం." ఇది వినడానికి తెలివిగా ఉంటుంది, కానీ ప్రమాదకరం. సగం ఉడుకు అంటే క్రిములు చచ్చే వేడి రాలేదు, పెరిగే వేడి మాత్రం వచ్చింది. కోడి ముక్క మధ్యలో 74 డిగ్రీలు అందాలి. ఎముక పక్కన ఎర్రదనం పోవాలి, గుచ్చితే తేట రసం రావాలి. మొదలుపెడితే పూర్తిగా ఉడికించి తీరాలి. మధ్యలో ఆపే పని కోడికి పెట్టకండి, ఉల్లిపాయ మసాలాకి పెట్టండి. అది ఎలాగో తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన ఇళ్ళల్లో అందరూ నమ్మేది, అన్నిటికంటే ఎక్కువ హాని చేసేదీ ఈ మాట: "వేడి కూర ఫ్రిజ్‌లో పెట్టొద్దు, కంప్రెషర్ పోతది. పూర్తిగా చల్లారినంక పొద్దున పెట్టు."

రాత్రి తొమ్మిదింటికి మూడు కిలోల కూర గంజులో వండి, మూతపెట్టి, పొయ్యి మీదే వదిలేశారనుకుందాం. పైన చెయ్యి పెట్టి చూస్తే గంటలో చల్లారినట్టే ఉంటుంది. మధ్యలో మాత్రం చిక్కటి గ్రేవీ, నూనె పొర, మూత, మూడూ కలిసి వేడిని పట్టి ఉంచుతాయి. అర్ధరాత్రి దాటినా ఆ మధ్యభాగం వెచ్చగానే ఉంటుంది. క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవికి కావాల్సింది సరిగ్గా ఇదే. మాంసంలో దాని బీజాలు ఉంటాయి. అవి మరిగే కూరలో కూడా చావవు. పైగా మరగడం వల్ల కూరలోని గాలి బయటికి పోతుంది, గాలి లేని చోటే అది పెరుగుతుంది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య దాని పెరుగుదల అతి వేగం, దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. ఆ వేగంతో లెక్క వేస్తే ఒక్క క్రిమి 3 గంటల్లో 2 లక్షల 60 వేలు దాటుతుంది. పెద్ద గంజుల్లో వండి చాలామందికి పెట్టే విందుల తర్వాత ఊరంతా కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవడానికి ఇది ఒక ప్రధాన కారణం. తిన్న 6 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది కాబట్టి చాలామంది ఆ నేరాన్ని మర్నాటి టిఫిన్ మీదికి తోసేస్తారు.

అందుకే వంటకి ఒక లెక్క పెట్టుకోవాలి. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య తిండి ఉండే సమయం మొత్తం రెండు గంటలు దాటకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఏప్రిల్, మే నెలల్లో మన సరూర్‌నగర్ ఫ్లాట్ల వంటిళ్ళు రాత్రి పూట కూడా ఆ గీత దాటే ఉంటాయి. అంటే ఎండాకాలంలో మీకున్నది గంట.

ఆ గంటలో కూరని చల్లార్చడం కష్టమేం కాదు. దించగానే గంజులోంచి రెండు మూడు వెడల్పు స్టీలు గిన్నెల్లోకి, రెండంగుళాల లోతుకి మించకుండా వంచండి. పెద్ద టబ్బులో చన్నీళ్ళు, ఐస్ వేసి ఆ గిన్నెల్ని అందులో కూర్చోబెట్టండి. శుభ్రమైన గరిటెతో అప్పుడప్పుడు కలపండి. అరగంటలో ఆవిరి పోతుంది. ఇక ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, కాస్త వెచ్చగా ఉన్నా సరే. లోపల పూర్తిగా చల్లబడేదాకా మూత ఓరగా ఉంచండి. పల్చటి గిన్నెల్లో వెచ్చటి కూర పెట్టినందుకు ఇప్పటి ఫ్రిజ్ చెడిపోదు. మరిగే గంజు అలాగే ఎత్తి లోపల పెడితేనే పక్కనున్న పాలూ పెరుగూ వెచ్చబడతాయి. ఆ గంజు మధ్యభాగం ఫ్రిజ్‌లో కూడా గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

"ఫ్రిజ్‌లో పెట్టినం, ఇంక భయం లేదు." ఫ్రిజ్ క్రిముల్ని చంపదు, నెమ్మదింపజేస్తుంది. అదైనా లోపల 4, 5 డిగ్రీలుంటేనే. చుట్టాలొచ్చే ముందు మన ఫ్రిజ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు: ఇడ్లీపిండి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు, పాల ప్యాకెట్లు, మల్లెపూల కవరు కూడా. గాలి తిరిగే సందు లేదు, తలుపు నిమిషానికోసారి తెరుస్తారు. కూర వండే ముందే ఒక అర పూర్తిగా ఖాళీ చెయ్యండి. కూల్‌డ్రింకులు బకెట్‌లో ఐస్ వేసి బయట పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టుకునే చిన్న థర్మామీటర్ ఒకటి కొనండి. కరెంటు పోతే తలుపు తియ్యకుండా ఉంచితే నాలుగు గంటలు ఆగుతుంది, అంతకు మించితే ఆ కూరని చుట్టాలకి పెట్టొద్దు. బాగా ఉన్న ఫ్రిజ్‌లో వండిన చికెన్ మూడు నాలుగు రోజులుంటుందని అంటారు. పండుగ పూట మన ఫ్రిజ్‌లకి మాత్రం నేనిచ్చే గడువు ఒక్క రోజే.

"ఒక్క పొంగు రానియ్, ఏ విషమైనా పోతది." సగం నిజమే ఇది. బాగా మరిగిస్తే బతికున్న క్రిములు చాలావరకు చస్తాయి. కానీ కొన్ని క్రిములు చచ్చేలోపే విషాన్ని వదిలిపెడతాయి. స్టాఫిలోకోకస్ అనేది మన ముక్కులో, చర్మం మీద, వేలి మీది చిన్న గాయంలో ఉంటుంది. నోట్లో పెట్టుకున్న గరిటె మళ్ళీ కూరలో పెడితే, గాయమున్న చేత్తో ముక్కలు సర్దితే అందులోకి చేరుతుంది. కూర వెచ్చగా ఉన్న గంటల్లో అది చేసే విషం మరిగించినా చెక్కుచెదరదు. తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు మొదలవుతాయి. బగారా అన్నానికీ ఇలాంటి శత్రువే ఉంది, బాసిల్లస్ సీరియస్. అన్నం వండి గంటల తరబడి బయట ఉంచితే అది వదిలే విషం కూడా వేడికి లొంగదు. అన్నం ఆ పూటకి ఆ పూటే వండండి, అది అరగంట పని.

ఫ్రిజ్‌లోంచి తీసిన కూరని వేడి చేసేటప్పుడు ఆ పూటకి కావాల్సినంతే తీసి, అడుగు నుంచి కలుపుతూ, మొత్తం కుతకుతలాడేదాకా మరిగించండి. ఒక్కసారే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఆలస్యంగా వచ్చిన బావగారి కోసం సాయంత్రం ఇంకోసారి గంజు మొత్తం వేడి చేసి మళ్ళీ చల్లార్చడమంటే ఆ వెచ్చటి గంటల్ని కూడబెట్టడమే.

"వాసన చూడు, పుల్లగా లేదు కదా, బాగనే ఉంది." కూరని పులియబెట్టే క్రిములు వేరు, మనిషిని ఆస్పత్రిలో పడేసే క్రిములు వేరు. రెండోవి వాసన మార్చవు, రుచి మార్చవు, జిగురు తెప్పించవు. అందులోనూ మసాలా దట్టించిన మన కూరలో ఏ వాసనైనా మునిగిపోతుంది. కూర మంచిదో కాదో గడియారం చెబుతుంది, ముక్కు చెప్పదు. వంట పూర్తయిన టైమ్, ఫ్రిజ్‌లో పెట్టిన టైమ్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఇంట్లో ఎవరు వడ్డించినా వాదన ఉండదు.

హోటల్ తిండి విషయంలో మనకి కోపం వస్తుంది. 2024 అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనీస్‌ని ఏడాది పాటు నిషేధించినప్పుడు అందరం మంచి పని అన్నాం. కానీ ఇంటి వంటకి తనిఖీ అధికారి రాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార సూత్రాల్లో ఒకటి శుభ్రమైన, సురక్షితమైన తిండి గురించి. దాన్ని మన వంటింట్లో అమలు చేసేవాళ్ళం మనమే.

మరి ముందుగా ఏం చెయ్యొచ్చు? నా ఉద్దేశంలో కోడిని తప్ప మిగతాదంతా. చుట్టాలు ఆదివారం వస్తుంటే, శనివారం సాయంత్రం ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, టమాటా, ధనియాలు, ఎండుకొబ్బరి, గసగసాల ముద్ద వేసి నూనె తేలేదాకా మగ్గించి, చల్లార్చి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కూరకి పట్టే టైమ్‌లో ఎక్కువ భాగం అదే తింటుంది. ఆదివారం పొద్దున కోడి కొట్టించుకుని నానబెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. సూర్యాపేట నుంచి వచ్చే బస్సు చౌటుప్పల్ దాటిందని ఫోన్ వచ్చాక పొయ్యి వెలిగించినా బ్రాయిలర్ కోడి ముప్పై, నలభై నిమిషాల్లో ఉడికిపోతుంది. వాళ్ళు ఎల్బీనగర్‌లో దిగి ఇల్లు చేరేసరికి కూర దించి ఉంటారు. నాటుకోడి అయితే కుక్కర్లో పొద్దున్నే పెట్టుకోవాలి. దాన్ని వడ్డించేదాకా సన్నసెగ మీద ఆవిరి వస్తూ ఉండనివ్వండి, 60 డిగ్రీలకి తగ్గకుండా. హాట్‌ప్యాక్‌ని నమ్మకండి. అది వేడి పుట్టించదు, ఉన్న వేడి జారిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండు గంటల తర్వాత మూత తీస్తే గోరువెచ్చటి కూర ఉంటుంది.

తప్పనిసరై శనివారమే వండాలంటే సాయంత్రం ఆరుకల్లా వండండి, అర్ధరాత్రి కాదు. నిద్రమొహంతో ఎవరూ కూరని గిన్నెల్లోకి మార్చరు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టే ఓపిక మిగిలి ఉండాలి.

టెర్రస్ మీద షామియానా వేసి పెట్టే విందుల్లో పదకొండింటికి కేటరింగ్ వాళ్ళు దించిన కూర మూడింటిదాకా టేబుల్ మీద ఉంటుంది. చిన్న గిన్నెల్లో కొంచెం కొంచెం తెచ్చి పెట్టమనండి, గంజు కింద మంట ఆపొద్దనండి. ఆ టేబుల్ మీద మిగిలిన కూరని ఫ్రిజ్‌లో పెట్టకండి. పారేస్తే పాపమనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అయినా పారెయ్యాలి. పనిమనిషికి ఇచ్చెయ్యడం మాత్రం అసలు చెయ్యకండి. మనం తినడానికి భయపడింది ఆమె పిల్లలకి పెట్టడం దానం కాదు.

బస్సెక్కే చుట్టాలకి స్టీలు డబ్బాలో కూర కట్టివ్వడమూ మానెయ్యండి. మధ్యాహ్నం వండినది, సాయంత్రం కట్టినది, మూడు గంటలు బస్సులో ఒళ్ళో వెచ్చగా కూర్చున్నాక, రాత్రి ఊళ్ళో ఇంకెవరికో వడ్డిస్తారు. ఆ ఇంట్లో తినేది ముసలి అత్తమ్మా, పసిపిల్లలూ. సకినాలు కట్టివ్వండి, గారెలు కట్టివ్వండి.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా తిన్నవాళ్ళలో ఒకరికి మించి వాంతులు, విరేచనాలు మొదలైతే దాన్ని అజీర్తి అనుకుని ఊరుకోకండి. ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టండి. విరేచనాలు ఆగే బిళ్ళలు మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి. జ్వరమో రక్తమో ఉంటే అవి హాని చేస్తాయి. మలంలో రక్తం పడినా, జ్వరం 102 దాటినా, నీళ్ళు కూడా నిలవకపోయినా, గంటల తరబడి మూత్రం రాకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. గర్భిణులు, పసివాళ్ళు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళ విషయంలో ఇవేవీ కనబడేదాకా కూడా ఆగొద్దు. వనస్థలిపురం ఏరియా ఆస్పత్రి దగ్గరే ఉంది. కదల్లేని మనిషైతే 108కి ఫోన్ చెయ్యండి. డాక్టర్‌కి ఏం తిన్నారో, ఎప్పుడు వండారో, ఎంతసేపు బయట ఉందో దాచకుండా చెప్పండి. మీతోపాటు తిన్న చుట్టాలందరికీ ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పండి, మొహమాటపడకండి.